కత్తి పట్టిన చెయ్యి

మామయ్య వస్తున్నానన్నాడు. ఫోన్లో ఆయన మూడు ముక్కలకు మించి మాట్లాడడు, నాలుగో ముక్క ఎవరైనా ఎత్తుకుపోతారేమో అన్నట్టు. గడ్డం మాసింది, వస్తున్నా, నువ్వే చెయ్యాలి అని పెట్టేశాడు. నువ్వే అన్న దగ్గర ఆయన కొంచెం నొక్కి పలికాడా, లేక నొక్కినట్టు తనకే వినిపించిందా అని అల్లుడు ఫోను చేతిలో పట్టుకుని సెలూన్ మధ్యలో అలాగే నిలబడిపోయాడు. అల్లుడంటే ఆ పెద్దాయనకు అల్లుడు. కానీ ఈ సెలూన్ పెట్టింది ఆయన కావడంతో, ఆయన కూతుర్ని చేసుకుని ఇక్కడ కత్తెర పట్టిన నాటి నుంచి కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ అతన్ని అల్లుడూ అనే పిలుస్తాడు, తండ్రి వయసువాళ్లూ, నిన్నగాక మొన్న మీసం మొలిచి ఇంకా పెళ్లే కానివాళ్లూ కూడా. వీధంతటికీ అల్లుడు. వీధంతా నమ్మి మెడ చాచిన అల్లుడు. ఆ మాట దగ్గర అతని మనసు ఎప్పటిలా కాలు జారబోయి, జారకుండా, అంచున ఊగుతూ నిలబడింది.

మధ్యాహ్నం. ఎండ గుమ్మం దాకా వచ్చి ఆగింది. బావమరిది భోజనానికి వెళ్లాడు, తిని కాస్త నడుం వాల్చి గానీ రాడు. పక్క దుకాణంలో కుట్టుమిషను పరుగెత్తి ఆగుతోంది, మళ్లీ పరుగెత్తి ఆగుతోంది. కుళాయి కింద పళ్లెంలో నీటిబొట్టు పడుతోంది. రెండు కుర్చీలున్నాయి, కిటికీ వైపుది కత్తెర కుర్చీ, గోడ వైపుది గడ్డం కుర్చీ, రెండూ ఖాళీ. కొన్ని నెలలుగా గోడ వైపు కుర్చీ బావమరిదిదే. మణికట్టు నొప్పి, గడ్డాలు నావల్ల కాదు అని ఒక్క అబద్ధంతో అల్లుడు దాన్ని వదిలించుకున్నాడు. ఇప్పుడు ఆయనకు ఫోన్ చేసి సాయంత్రం రండి మామయ్యా, మీవాడు ఉంటాడు అంటే సరిపోతుంది. ఒక్క మాట. ఆయన సరే అంటాడు, గుండె మీది బరువు ఠక్కున దిగిపోతుంది, మంచినీళ్లు తాగినట్టు హాయిగా ఉంటుంది. ఆ హాయి సంగతి తను కొన్నాళ్లుగా వెళ్తున్న కౌన్సెలర్ మేడమ్ చెప్పింది. తప్పించుకున్నప్పుడల్లా వచ్చే ఆ హాయి ఉంది చూశారూ, భయం బతికేది దాని మీదే, మీరు దానికి వేళకి భోజనం పెట్టి పెంచుతున్నారు అంది. అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. చేతులు కడుక్కుందామని కుళాయి దగ్గరికి వెళ్లి, ఎందుకు కడుక్కోబోతున్నాడో గుర్తొచ్చి, తడి చెయ్యకుండానే వెనక్కి వచ్చాడు.

మొదటిసారి కూడా ఇలాంటి ఎండే. వార్తలాయన కుర్చీలో ఉన్నాడు. వార్తలాయన అంటే పేపర్లో వార్త తన గొంతుతో చదివి అందరికీ వినిపిస్తే తప్ప జరగనట్టే అనుకునే మనిషి, నురగ పూసేదాకా ఆయన నోరు మూతపడదు, నురగ పూశాక నిద్రపోతాడు. ఆ రోజూ నిద్రపోయాడు. తల వెనక్కి వాలింది, గొంతు మీద నురగ, నురగ కింద గుటక మింగినప్పుడల్లా పైకీ కిందకీ కదిలే గొంతుబుడిపె. అల్లుడు చెంప పూర్తి చేసి కిందికి వచ్చాడు. అప్పుడు, ఎవరో చెవిలో చెప్పినట్టు కూడా కాదు, తన గొంతుతోనే, చాలా మామూలుగా, టీ తాగుదామా అన్నంత మామూలుగా వచ్చింది ఆ ఆలోచన. ఇప్పుడు చెయ్యి కొంచెం లోపలికి నొక్కితే? అంతే. చెయ్యి నొక్కలేదు. చెయ్యి గాలిలో ఆగిపోయింది. కానీ ఒళ్లంతా చల్లబడింది, చెవుల్లో హోరు. ఆయన మీద కోపమా, లేదు. అప్పుడప్పుడూ అల్లుడి కూతురికి బిస్కెట్లు పంపే మనిషి. మరి ఎందుకొచ్చింది? మిగతా గడ్డం ఎలా పూర్తయిందో గుర్తులేదు, ఆయన లేచి అద్దంలో చూసుకుని, ఇవాళ చెయ్యి భలే మెత్తగా ఉంది అల్లుడూ, నిద్ర పట్టేసింది అన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. వెనక్కి వెళ్లి చేతులు కడుక్కున్నాడు, సబ్బు కరిగి వేళ్ల మధ్య చిన్న బిళ్లయ్యేదాకా.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. తనలో ఎక్కడో నిప్పు ఉంది, ఇన్నాళ్లూ తెలియలేదు, ఇప్పుడు పొగ బయటపడింది, అనుకున్నాడు. ఇక అక్కడి నుంచి తన మీద తానే కాపలా. కత్తి చూస్తే వచ్చేది, తర్వాత బ్లేడు పెట్టె చూసినా వచ్చేది, తర్వాత మెడ చూస్తే చాలు. బస్సులో ముందు సీటువాడి మెడ. సెలూన్ అద్దంలో వరసగా కనిపించే మెడలు. ఇంట్లో భార్య ఉల్లిపాయ తరుగుతూ ఒకసారి పట్టుకోండి, కళ్లు మండుతున్నాయి అని కత్తి చాచితే వెనక్కి గెంతాడు, పాముని చూసినవాడిలా. ఆ రోజే వంటింటి కత్తిని పాతగుడ్డలో చుట్టి అటక మీదికి ఎక్కించాడు. ఆమె వెతికింది, కొత్తది కొంది, అదీ మాయమైంది. కొన్నాళ్లు కూరగాయలు చేత్తో తుంచి, పాల ప్యాకెట్లు పంటితో చింపి, చివరికి ఒకనాడు అడిగింది, ఈ ఇంట్లో కత్తులు తినే ఎలుక ఏదైనా ఉందా అండీ అని. నవ్వింది కూడా. అతను నవ్వలేకపోయాడు. అంతకన్నా నవ్వలేనిది ఇంకొకటి ఉంది. కూతురు. మాటలు ఇప్పుడిప్పుడే కూడబలుక్కుంటున్న పిల్ల, గడ్డం కింద మడతలు, అక్కడ ముక్కు పెట్టి రుద్దితే కిలకిలా నవ్వే పిల్ల. ఒకరోజు రుద్దుతూంటే వచ్చింది. కత్తి లేదు, ఏమీ లేదు, వట్టి చేతులు, అయినా వచ్చింది. పిల్లని మంచం మీద పెట్టేసి, గది బయట గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. ఆ తర్వాత పిల్లని ఎత్తుకోలేదు. నాన్నా అని చేతులు చాస్తే జలుబు చేసిందమ్మా అనేవాడు. ఎన్నాళ్ల జలుబు. పడక ముందుగదిలోకి మార్చాడు, గురక వస్తోంది, నీకు ఇబ్బంది అని. భార్యకి గురక ఇబ్బంది ఎప్పుడూ లేదు, మొగుడికి తనంటే మొహం మొత్తిందేమో అన్న ఇబ్బంది మాత్రం ఆ రోజు నుంచి పట్టుకుంది. ఆమె తలుపు పక్కన నిలబడి ఏదో అడగబోయి ఆగిపోయేది. అతను మాత్రం అడిగేవాడు, రోజూ, ఒకటే ప్రశ్న, తిప్పి తిప్పి. నేను కోపిష్టివాణ్ణా? ఎప్పుడైనా నిన్ను చూసి భయపడ్డావా? నేను మంచివాణ్ణేనా? మంచివారేనండీ అనేది. ఆ మాట నాలుక మీద చక్కెరలా ఒక నిమిషం ఉండేది, కరిగాక ఇంకా చేదు.

మింగలేక కక్కలేక ఉన్న సంగతికి మణికట్టు ముసుగైంది. నల్ల పట్టీ ఒకటి కొని చుట్టుకున్నాడు. దాంతో ఆ మణికట్టు మీద వీధిలో ప్రతివాడికీ వైద్యం వచ్చేసింది. వేడినీళ్ల కాపడం అన్నారొకరు, మంచుముక్క అన్నారింకొకరు, వార్తలాయన ఎక్కడో చదివి ఎడమచేత్తో పళ్లు తోముకోమన్నాడు. బావమరిది గడ్డాలన్నీ ఒక్కడే గీస్తూ ఒక్కమాట అనలేదు. అనకపోవడమే బరువుగా ఉండేది. కుర్చీలో ఉన్నవాళ్లు జుట్టు కత్తిరిస్తుండగా కబుర్లు చెప్పేవారు, మీది కత్తి మీద సాము లాంటి పనయ్యా అనేవాడు ఒకాయన మెచ్చుకుంటూ. సామేమిటో వాళ్లకేం తెలుసు. నాలుక కొరుక్కుంటూ, గోరు అరచేతిలో గుచ్చుకుంటూ, లోపల ఒద్దు ఒద్దు అని జపం చేస్తూ, పైకి వేసవి ముదిరింది కదండీ అనడం.

డాక్టరు దగ్గరికి భార్యే తీసుకెళ్లింది, మణికట్టు చూపించమని. డాక్టరు వేలితో నొక్కి ఇక్కడా, ఇక్కడా అన్నాడు. అల్లుడు మొదట ఇక్కడ అని ఒకచోట, తర్వాత ఇంకోచోట చూపించాడు. చెయ్యి తిప్పమన్నాడు, తిప్పాడు. పిడికిలి బిగించమన్నాడు, బిగించాడు. ఆ డాక్టరు పట్టీని మెల్లగా చుట్టి అతని చేతికిచ్చి, నిద్ర పడుతోందా అని అడిగాడు. అదేమంత ప్రశ్న. కానీ ఎవరూ అడగని ప్రశ్న, అందరూ మణికట్టునే అడిగారు. అల్లుడు లేదండీ అనబోయాడు, మాట పూర్తికాకముందే కన్నీళ్లు వచ్చేశాయి, భార్య బిత్తరపోయి అతని భుజం పట్టుకుంది. పై అంతస్తులో కౌన్సెలర్ మేడమ్ ఉంటారు, ఒకసారి మాట్లాడండి అన్నాడు డాక్టరు. నాకు పిచ్చి పట్టిందాండీ అంటే ఆయన, పిచ్చి పట్టినవాళ్లే వెళ్లాలంటే ఆవిడ గది ముందు అన్ని కుర్చీలు అక్కర్లేదయ్యా, సగం కుర్చీలు చాలు అన్నాడు, ఓదార్పో వేళాకోళమో తెలియకుండా.

చిన్న గది. కిటికీలోంచి ఎదురు మేడ గోడా, దాని మీద ఆరేసిన దుప్పటీ. ఆవిడ జుట్టు ఎవరో హడావిడిగా కత్తిరించారు, ఎడమవైపు చెవి కింద వేలెడు ఎక్కువ ఉంది. మొదటిసారి అల్లుడు ఆ వేలెడు జుట్టుతోనే మాట్లాడాడు, ఆవిడ కళ్లలోకి చూడలేక. మణికట్టు గురించే చెప్పాడు. ఆవిడ వింది. తొందరపెట్టలేదు, నమ్మినట్టూ నటించలేదు. రెండోసారి వెళ్లినప్పుడు భార్యని కింద కూర్చోబెట్టి, నేను రావడం ఆలస్యమైతే నువ్వు పిల్ల దగ్గరికి వెళ్లిపో అన్నాడు. ఎందుకలా అన్నాడో ఆమెకి అర్థం కాలేదు, అతనికి మాత్రం స్పష్టంగా ఉంది, నిజం చెప్పగానే తలుపు తెరుచుకుని పోలీసులు వస్తారు. అయినా చెప్పాడు. దుప్పటిని చూస్తూ చెప్పాడు. వార్తలాయన, బస్సులో మెడలు, చివరికి పిల్ల గడ్డం కింద మడతలు కూడా. చెప్పి తలెత్తకుండా ఆవిడ కుర్చీ కాళ్ల వంక చూశాడు, వెనక్కి జరుగుతాయని. జరగలేదు. ఆ కుర్చీ ఉన్నచోటే ఉంది.

“ఆ ఆలోచన వచ్చినప్పుడు మీకెలా ఉంటుంది?” అంది ఆవిడ.

“చచ్చిపోవాలనిపిస్తుంది మేడమ్.”

“నిజంగా చనిపోవాలనే ఆలోచన ఉందా, మాటకి అన్నారా? ఏదైనా సరే, ఇక్కడ చెప్పొచ్చు.”

అల్లుడు నిజంగానే ఆలోచించాడు. ఎవరూ ఆ మాటని అంత నేరుగా, కూర ఉప్పగా ఉందా అన్నంత నేరుగా అడగలేదు. “మాటకే అన్నాను. నా పిల్ల ఉంది కదా.”

“ఎప్పుడైనా మాటకి కాకుండా అనిపిస్తే నాకు వెంటనే చెప్పాలి. సరేనా? ఇక రెండోది. ఇలాంటి ఆలోచనలు రాని మనిషిని నేనింతవరకు చూడలేదు. మేడ అంచున నిలబడితే దూకితే ఏమవుతుంది అనిపిస్తుంది. పసిపిల్లని ఎత్తుకుంటే చెయ్యి జారితే అనిపిస్తుంది. చాలామంది ఛీ అనుకుని మర్చిపోతారు. మీరు దాన్ని పట్టుకుని, నేను ఇలాంటివాణ్ణా అని తగువు వేసుకున్నారు. అది పేరున్న జబ్బే. నయమయ్యే జబ్బే.”

“నిప్పు లేనిదే పొగ రాదు కదా మేడమ్.”

“సామెతలన్నీ మనసుకి పనికిరావండీ. మనసులో వట్టి పొగే వస్తుంది ఒక్కోసారి. దాని కోసం మీరు ఇల్లంతా తవ్వేస్తున్నారు.”

ఆ రోజు మెట్లు దిగుతూ కాళ్లు తేలిగ్గా ఉన్నాయి. అంతటితో అయిపోయిందనుకున్నాడు. అయిపోలేదు, అప్పుడే మొదలైంది. పని చెయ్యాలి అంది ఆవిడ, మీ పనిలాంటిదే, చేత్తో నేర్చుకోవాల్సింది. మడిచిన కత్తిని జేబులో పెట్టుకుని తిరగడం. తర్వాత బ్లేడు లేని కత్తి తెరిచి ఒళ్లో పెట్టుకుని ఆవిడ ఎదురుగా కూర్చోవడం. ఆలోచన వస్తే తరమకూడదు, జపం చెయ్యకూడదు, నాలుక కొరకకూడదు, చేతులు కడగకూడదు. వచ్చిందా, రానీ. ఉందా, ఉండనీ. గుండె కొట్టుకుంటే కొట్టుకోనీ, అది అలిసిపోయేదాకా కూర్చోండి. గుండె నిజంగానే అలిసిపోయేది, చాలాసేపటికి. తర్వాత బుడగ. పని నేర్చుకునేటప్పుడు మామయ్య చేయించినదే, ఊదిన బుడగకి నురగ పూసి పగలకుండా గీయడం. ఆవిడ గదిలో బుడగ ఢామ్మని పగిలి, నురగ వెళ్లి ఆవిడ కళ్లద్దాల మీద పడింది. ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుంటూ ఎంతసేపు నవ్విందో. అన్ని నెలల్లో అతను నవ్వింది ఆ రోజే. తర్వాత అద్దం ముందు తన మెడ. తర్వాత బావమరిది మెడ వెనక అంచులు. మధ్యలో ఒకసారి మొత్తం బోర్లా పడింది, కత్తి పట్టగానే వణుకు, ఇంటికి పారిపోతూ దారిలో కరెంటు ట్రిమ్మరు ఒకటి కొనేశాడు, ఇక జన్మలో కత్తి వద్దని. కుక్కతోక వంకర మేడమ్ అని తల దించుకుంటే, తోక సంగతి నాకెందుకు, కుక్క నడుస్తోందా లేదా అంది.

భార్యకి కూడా చెప్పాడు, ఆవిడ గదిలో, ఆవిడ ఎదుటే. కత్తులు ఎక్కడున్నాయి అంది ఆమె. అటక మీద అన్నాడు. నేనింకేదో అనుకున్నాను, మీకు నేనే వద్దయ్యానేమో అనుకున్నాను అని మొహం చీరకొంగులో దాచుకుంది. మేడమ్ ఆమెకీ ఒక పని పెట్టింది, కష్టమైన పని. అతను మంచివాణ్ణేనా అని అడిగితే అవునని చెప్పొద్దు. మీ అవును ఆయనకి మందు కాదు, వ్యసనం అంది. ఆ సాయంత్రమే అడిగాడు, అలవాటు కదా. ఏమోనండీ, నాకు తెలీదు, రండి, భోజనం చల్లారిపోతోంది అంది ఆమె. ఆ జవాబు లేని ఇంట్లో, ఆ తెలియనితనంలో, ఎదురుగా కూర్చుని ఇద్దరూ తిన్నారు. తింటూంటే పిల్ల వచ్చి ఒళ్లోకి ఎక్కింది. దించలేదు. ఒక చేత్తో తిన్నాడు, ఇంకో చేత్తో పట్టుకున్నాడు, గుండె దబదబా కొట్టుకుంటూనే ఉంది, కొట్టుకోనిచ్చాడు.

ఈ వారం పని ఇదీ. ఒక మనిషికి గడ్డం, ముందువైపు, కొత్త బ్లేడుతో. ఎవరికన్నది మీ ఇష్టం అంది. అతను ఎవరినీ అనుకోకముందే మామయ్య ఫోన్ వచ్చింది.

గుమ్మంలో నీడ పడింది. మామయ్య లోపలికి వచ్చి, చెప్పులు విడిచి, మొదట నేల చూశాడు, వెంట్రుకలు ఊడ్చారా లేదా అని, తర్వాత అద్దం, ఆ తర్వాత అల్లుణ్ణి. చేతులు వణకడం మొదలైన ఏడాది పని మానేశాడు గానీ చూపు మానలేదు. గోడ వైపు కుర్చీలో కూర్చున్నాడు, ఎవరూ చూపించకుండానే. తెల్లగుడ్డ మెడకి చుట్టించుకున్నాడు. అల్లుడు వేడినీళ్లలో ముంచిన తువాలు పిండి చెంపలకి అద్దాడు, నురగ కలిపాడు, బ్రష్షు గుండ్రంగా తిప్పాడు. చేతులకి ఈ పనంతా వచ్చు, మనసుతో సంబంధం లేకుండా. కొత్త బ్లేడు కాగితం విప్పాడు. కత్తిలో బిగించాడు. అప్పుడు వచ్చింది. వస్తుందని తెలుసు, అయినా మొదటిసారంత కొత్తగా వచ్చింది. ఈయన్ని. నీకు పని నేర్పిన ఈయన్ని. ఒంటరిగా ఉన్నారు ఇద్దరూ.

“మణికట్టు నొప్పంటే నేను నమ్మలేదు అల్లుడూ” అన్నాడు మామయ్య, అద్దంలోకి చూస్తూ. “నొప్పుంటే ముందు కత్తెర పట్టనివ్వదు. కత్తిదేముంది, వేళ్ల పని. ఏమిటి సంగతి?”

చెప్పాలా. చెబితే ఈయన పర్లేదు అంటాడు, ఆ పర్లేదు కోసమే చెప్పినట్టవుతుంది, మళ్లీ చక్కెర. చెప్పకపోతే ఈయన మెడ మీద ఈయనకి తెలియని సంగతితో నిలబడినట్టు. ఏది నిజాయితీ, ఏది జబ్బు, ఆ రెండింటి మధ్య గీత ఎక్కడుందో వెతకబోయి, వెతకడం కూడా జబ్బు పనేనని తోచి ఆగాడు. మామయ్య అడిగాడు. అడిగినదానికి జవాబు చెప్పడమే. ఆ తర్వాత ఏమీ అడక్కుండా ఉంటే చాలు.

“కత్తి పట్టుకుంటే ఎదుటి మనిషిని ఏదైనా చేసేస్తానేమోనని భయం మామయ్యా. చెయ్యాలని కాదు. చేసేస్తానేమోనని. ఒక మేడమ్ దగ్గర వైద్యం చేయించుకుంటున్నా.”

కుట్టుమిషను ఆగింది. మామయ్య చెయ్యి తెల్లగుడ్డ కిందనుంచి బయటికి వచ్చి, వణుకుతూ, తన మెడ దగ్గరికి వెళ్లి ఆగింది. ఆయనకి తెలియకుండానే వెళ్లింది. అల్లుడు చూశాడు. ఆ చేతిని చూడటం కన్నా కష్టమైనది తన బతుకులో లేదనుకున్నాడు. ఏదో ఒకటి అనండి మామయ్యా అని నోటిదాకా వచ్చింది, మింగేశాడు.

“ఇప్పుడు కూడానా?”

“ఇప్పుడు కూడా.”

“మీ డాక్టరమ్మ ఏమంటుంది?”

“భయం పోయాక చేద్దామనుకోవద్దంది. భయంతోనే చెయ్యమంది.”

మామయ్య చాలాసేపు అద్దంలో ఇద్దర్నీ చూశాడు, కుర్చీలో ఉన్న తననీ, వెనక కత్తితో నిలబడ్డ అల్లుణ్ణీ. ఆయన మొహంలో జాలి లేదు, ధైర్యం కూడా లేదు, లెక్క తేలని మనిషి మొహం. అమ్మాయికి తెలుసా అన్నాడు. తెలుసు అన్నాడు అల్లుడు. ఊఁ అన్నాడాయన. తర్వాత చేతిని గుడ్డ కిందికి లాక్కుని, తల వెనక్కి వాల్చాడు. “గొంతు కింద వెంట్రుక సుడి తిరిగి ఉంటుంది. ఎదురు గీయకు” అన్నాడు.

చెంప మొదట. చెవి దగ్గర చర్మం రెండు వేళ్లతో లాగి పట్టుకుని కిందికి. నురగలో దారి పడింది, దారిలో మనిషి కనిపించాడు, ముడతలు, చిన్న పుట్టుమచ్చ. ఆలోచన ఉంది. వెళ్లలేదు, పక్కనే ఉంది, వాగుతోంది. వాగనీ. నేను పని చేసుకుంటున్నాను. రెండో చెంప. పై పెదవి. కత్తి తుడిచాడు. గడ్డం కిందికి వంగాడు. నురగ కింద గొంతుబుడిపె పైకి లేచి దిగింది, గుండె చెవుల్లోకి వచ్చింది, చేతివేళ్లు చల్లగా అయ్యాయి, కత్తి మాత్రం ఎక్కడుండాలో అక్కడే ఉంది. నొక్కితే? నొక్కితే నొక్కుతానేమో, ఏమో, తెలీదు. ఏమోనండీ నాకు తెలీదు అని భార్య గొంతుతోనే అనుకుని వెంట్రుక వాలిన వైపే మెల్లగా గీశాడు. సుడి దగ్గర ఆగాడు, చర్మం లాగాడు, పక్కనుంచి తిరిగాడు. మామయ్య గుటక మింగాడు, సరిగ్గా అప్పుడే, కత్తి అంచు చటుక్కున తగిలింది.

ఎర్రటి చుక్క. నురగలో గులాబీ రంగుగా పాకింది. ఇదిగో, అంది లోపలి గొంతు, ఇదిగో, చెప్పలేదా. గది పక్కకి ఒరిగినట్టయింది. అల్లుడి కాళ్లు గుమ్మం వైపు తిరగబోయాయి. ఇన్ని నెలలూ భయపడింది దీనికే, ఆ నెత్తురే, ఈ మెడ మీదే. కానీ ఎదురుగా ఉన్నది ఆవగింజంత చుక్క. తన పనిలో ఎన్ని వందలసార్లు చూశాడో, మామయ్య దగ్గర నేర్చుకునే రోజుల్లో తానెన్ని చేశాడో, ఆ మామూలు చుక్క. అల్లుడు పటికబిళ్ల తడిపి చుక్క మీద అద్దాడు.

“మండుతోంది. ఊదు” అన్నాడు మామయ్య, కళ్లు మూసుకునే.

అల్లుడు వంగి, ఆయన మెడ మీద, మెల్లగా ఊదాడు. పిల్ల మోకాలు గీసుకుంటే ఊదినట్టు. ఊది, మిగిలిన నురగ తీసేశాడు. రెండో విడత నురగ పూయనా అంటే పుయ్యమన్నాడాయన, గరుగ్గా వదిలేస్తావా ఏంటి అని. రెండో విడతలో ఆలోచన రెండుసార్లు వచ్చింది, ఒకసారి పెద్దగా, ఒకసారి చిన్నగా. మధ్యలో కొంతసేపు వచ్చిందో లేదో చూసుకోవడం మర్చిపోయాడు. మర్చిపోయాడని తర్వాత తెలిసింది, తువాలుతో మొహం తుడుస్తూంటే.

మామయ్య లేచి అద్దం దగ్గరగా వెళ్లి, మెడ అటూ ఇటూ తిప్పి, వేలి వెనకతో చెంప రాసి చూసుకున్నాడు. కుడివైపు చెవి కింద రెండు వెంట్రుకలు వదిలేశావు అన్నాడు. అల్లుడు వాటినీ తీశాడు. ఆయన చెప్పులు వేసుకుని గుమ్మం దాటి, ఎండలోకి ఒక అడుగు వేసి, వెనక్కి తిరిగాడు.

“రేపు ఇదే వేళకి వస్తా.”

“రేపటికి ఏం పెరుగుతుంది మామయ్యా?”

“పెరిగినంతే తీద్దువుగాని” అని ఆయన వీధిలోకి నడిచాడు.